పాలసీలో లేని ముప్పు

పరాయి దేశంలో ఆనకట్టలూ కర్మాగారాలూ కట్టబోయే కంపెనీలు ముందుగా రాజకీయ ముప్పు లెక్క వేసుకుంటాయి. సర్కారు మారితే? ఒప్పందం రద్దు చేస్తే? ఆస్తి లాక్కుంటే? ఈ భయాలకు బీమా అమ్మడానికి ప్రపంచ బ్యాంకు 1988లో మీగా అనే దుకాణమే తెరిచింది. ఆ దుకాణదారులు ఒకసారి పెద్దపల్లిలో బస్సు దిగితే బాగుండు. వాళ్ల పాలసీలో లేని ముప్పులు మా దగ్గర బోలెడు.

మా కాళేశ్వరం ప్రాజెక్టునే చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో ఇది అంబేద్కర్ పేరిట ప్రాణహిత-చేవెళ్ల. అంచనా 38,500 కోట్లు. తుమ్మిడిహట్టి దగ్గర 152 మీటర్ల ఎత్తుకు మహారాష్ట్ర ఒప్పుకోదన్నారు, నీళ్లూ చాలవన్నారు. తెలంగాణ వచ్చాక డిజైన్ మారి కాళేశ్వరమైంది. బ్యారేజీల్లో మేడిగడ్డకు లక్ష్మి, అన్నారానికి సరస్వతి, మన సుందిళ్లకు పార్వతి అని పేర్లు పెట్టారు. ముగ్గురమ్మలు కాపలా ఉండగా మట్టి పరీక్షల మీద అంత పట్టింపెందుకు అనుకున్నారో ఏమో! కేంద్ర జలసంఘానికి 81,911 కోట్లని చెప్పిన ఖర్చు 1,47,427 కోట్లు దాటుతుందని 2024లో కాగ్ తేల్చింది. ఇందులో గుత్తేదారుకు వచ్చిన ముప్పేమిటో మీగా వాళ్లే చెప్పాలి.

2023 అక్టోబరు 21న, అసెంబ్లీ పోలింగ్‌కు సరిగ్గా నలభై రోజుల ముందు, మేడిగడ్డ ఏడో బ్లాకు కుంగింది. సర్కారు మారింది. విచారణకు ఘోష్ కమిషన్ వచ్చింది, నివేదిక ఇచ్చింది, వ్యవహారం సీబీఐ గడప తొక్కింది. ఇక్కడ సుందిళ్లలో 74 గేట్లున్నా నిలిపే నీళ్లు లేవు. మొత్తం ఖాళీ చేశారు. ఆ నీళ్లు ఎత్తిపోయాల్సిన గోలివాడ పంపుహౌసుకు పనే లేకపోయింది.

బ్యారేజీలు ఖాళీగా ఉన్నా ఎల్లంపల్లి నీళ్లను నంది మేడారంలో ఎత్తిపోస్తే, ‘మోటార్లు మావి’ అని ఒక పార్టీ, ‘నీళ్లు మావి’ అని ఇంకో పార్టీ. కాలువలో పారే నీళ్లకు సభ్యత్వ రసీదులు కొట్టడమొక్కటే తక్కువ.

అన్నారం నిండితే వెనుక నీళ్లు మంథని చేలల్లోకి వస్తాయి. ఎండితే మోటార్లు ఆగుతాయి. గుత్తేదారుకు బిల్లు ముట్టింది, నాయకులకు ప్రసంగం దొరికింది. అయ్యా మీగా పెద్దలూ, పాలసీ రాయాలనుంటే మంథని రైతు పేర రాయండి. ప్రీమియం బాకీ లేదు. బ్యారేజీలు నిండినా ఎండినా ప్రాజెక్టు అప్పుల కిస్తీ మా పన్నుల్లోంచే పోతోంది.