ఫోన్ చెయ్యకుండా వార్త రాయడం ఎలా?

పత్రికలోనో న్యూస్ ఛానెల్‌లోనో కొత్తగా చేరినవాళ్ల కోసం ఈ చిట్కాలు. ఈ ఉద్యోగంలో కష్టమంతా ఒక్కచోటే ఉంది: విన్నది నిజమో కాదో కనుక్కోవడం. దానికోసం తహసీల్దారు ఆఫీసు మెట్లెక్కాలి, జీవో తెప్పించుకుని చివరిదాకా చదవాలి, ఎఫ్‌ఐఆర్‌లో ఏం రాశారో చూడాలి, ఎవరి మీద రాస్తున్నామో వాళ్లకు ఫోన్ చేసి వివరణ అడగాలి. ఈ ఒక్క పనీ తీసేస్తే మిగిలేది చాలా సుఖమైన ఉద్యోగం. ఎలా తీసెయ్యాలో వరసగా చెబుతాను. శ్రద్ధగా పాటించండి.

1. ఎవరు చెప్పారో రాయకండి. "విశ్వసనీయంగా తెలిసింది" అని మొదలుపెట్టి "జోరుగా ప్రచారం సాగుతోంది" అని ముగించండి. ప్రచారం సాగకపోయినా కంగారు లేదు. పొద్దున్న మీ పేపరు వచ్చాక టీకొట్టు దగ్గర సాగుతుంది, అప్పటికి మీరు రాసింది నిజమే అయిపోతుంది. శీర్షిక చివర ప్రశ్నార్థకం మాత్రం మరవకండి. "ఎమ్మెల్యే పార్టీ మారుతున్నారా?" అని వెయ్యండి. మారితే మేమే ముందు చెప్పామనొచ్చు. మారకపోతే మేం అడిగామంతే అనొచ్చు. నెలకోసారి అదే ఎమ్మెల్యే మీద అదే శీర్షిక వేసినా తప్పు లేదు.

2. వాట్సాప్‌లో వచ్చినదాన్ని వచ్చినట్టు వాడండి. 2016 నవంబరులో కొత్త రెండు వేల నోటులో నానో జీపీఎస్ చిప్ ఉందనీ, భూమిలో 120 మీటర్ల లోతున పాతిపెట్టినా ఉపగ్రహానికి దొరికిపోతుందనీ ఫోన్లలో తిరిగింది. కొన్ని జాతీయ ఛానెళ్లు యాంకర్లను నిలబెట్టి, గ్రాఫిక్స్ వేసి దాన్ని వివరించాయి. నోటు భద్రతా లక్షణాలను రిజర్వు బ్యాంకు అప్పటికే ప్రకటించింది. అందులో చిప్ లేదు. ఆ జాబితా చదవడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు ఆగి ఉంటే అంత మంచి కార్యక్రమం పోయేది. 2023 మేలో రిజర్వు బ్యాంకు ఆ నోటును వెనక్కి తీసుకుంటానంది. నోటు పోయింది, ఛానెళ్లు ఉన్నాయి.

వీడియో దొరికితే ఇంకా మంచిది. 2021 సెప్టెంబరులో అఫ్గానిస్తాన్‌లోని పంజ్‌షీర్ లోయ మీద పాకిస్తాన్ విమానాలు దాడి చేస్తున్న దృశ్యమంటూ కొన్ని భారతీయ ఛానెళ్లు చూపించింది ఆర్మా 3 అనే కంప్యూటర్ ఆటలోది. ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు అని అడగకండి. మూల మీద వేరే ఛానెల్ లోగో ఉంటే దాని మీద మీ లోగో అతికించండి. తనిఖీ అంటే అంతే.

3. లైవ్ ఇచ్చేటప్పుడు ఆలోచించకండి. 2008 నవంబరులో ముంబయి మీద ఉగ్రదాడి జరిగినప్పుడు కమాండోలు హెలికాప్టర్ నుంచి తాళ్లు పట్టుకుని నారిమన్ హౌస్ మీదికి దిగుతుంటే దేశమంతా టీవీలో చూసింది. ఆ ప్రసారాల వల్ల భద్రతా దళాల ప్రాణాలకే ముప్పు వచ్చిందని సుప్రీంకోర్టు 2012లో కసబ్ కేసు తీర్పులో తప్పుపట్టింది. తీర్పు రావడానికి దాదాపు నాలుగేళ్లు పట్టింది, మీ లైవ్‌కు అంత వ్యవధి దొరుకుతుంది. 2025 మే 8 రాత్రి, పాకిస్తాన్‌తో ఘర్షణ నడుస్తుండగా, కరాచీ రేవు ధ్వంసమైందని కొన్ని ఛానెళ్లు ప్రకటించాయి. తెల్లవారాక చూస్తే రేవు యథాప్రకారం పనిచేస్తూనే ఉంది. స్టూడియోలో సైరన్లు ఎంతగా మోగించారంటే, పౌర రక్షణ సైరన్ చప్పుళ్లను కార్యక్రమాల్లో వాడొద్దని కేంద్రం మే 10న ఛానెళ్లకు చెప్పాల్సి వచ్చింది. మోత ఉన్నప్పుడు సమాచారం లేదన్న సంగతి ఎవరికీ తట్టదు, కాబట్టి మోత తగ్గించకండి.

4. చావు దొరికితే వదలకండి. నటి శ్రీదేవి 2018 ఫిబ్రవరి 24న దుబాయ్ హోటల్లో చనిపోయారు. గుండెపోటు అన్నారు. దుబాయ్ పోలీసులు పరీక్షలు ముగించి ప్రమాదవశాత్తూ నీళ్లలో మునిగిపోవడమని చెప్పేదాకా ఆగడం ఎవరి వల్ల అవుతుంది? స్నానాల తొట్టి బొమ్మ వేసి అందులో ఆమె బొమ్మ పెట్టారు. ఒక తెలుగు ఛానెల్ విలేకరి అయితే తనే తొట్టిలో పడుకుని ఎలా జరిగి ఉంటుందో చూపించాడు. ఫోరెన్సిక్ నివేదిక రావడానికి రోజులు పడుతుంది, తొట్టి ఏ హోటల్లోనైనా వెంటనే దొరుకుతుంది. ఆ ఇంటి పిల్లలు టీవీ చూస్తారేమోనన్న ఆలోచన వస్తే లేచి వెళ్లి కాఫీ తాగి రండి, పోతుంది.

5. జరిమానా లెక్క ముందే వేసుకోండి. 2020లో నటుడు సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ చనిపోయాక, ఆయన రాయని ట్వీట్లను ఆయన చివరి మాటలుగా చూపించింది ఒక హిందీ ఛానెల్. ఛానెళ్లు తమకు తామే పెట్టుకున్న ప్రమాణాల సంస్థ విచారించి, క్షమాపణ చెప్పించి, లక్ష రూపాయలు జరిమానా వేసింది. అప్పట్లో ఆ సంస్థ వెయ్యగలిగిన గరిష్ఠ జరిమానా లక్షే. ఇది చాలదని, ఆ కార్యక్రమం మీద వచ్చిన లాభానికి తగ్గట్టు ఉండాలని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు అంది. పత్రికల వాళ్లకు ఇంకా సులువు. 1978 నాటి చట్టం ప్రకారం ప్రెస్ కౌన్సిల్ హెచ్చరించగలదు, మందలించగలదు, అభిశంసించగలదు. రూపాయి కూడా కట్టించలేదు.

6. ప్రకటనను వార్త రూపంలో అమ్మండి. ఎన్నికలప్పుడు దీన్ని ప్యాకేజీ అంటారు. 2009లో మహారాష్ట్ర ముఖ్యమంత్రిని పొగుడుతూ ఒకే వ్యాసం, అక్షరం మారకుండా, పోటీ పత్రికల్లో వేర్వేరు విలేకరుల పేర్లతో వచ్చింది. ఆయన తన ఎన్నికల ఖర్చులో పత్రికా ప్రకటనలకు చూపించింది 5,379 రూపాయలు. పాత్రికేయుడు పి. సాయినాథ్ దీన్ని తవ్వి బయటపెట్టారు. నేర్చుకోవాల్సింది ఇదీ: పార్టీవాళ్లు పంపిన కాగితాన్ని ఉన్నదున్నట్టు వెయ్యకండి, ఒకటి రెండు వాక్యాలు మార్చండి. ఆ మాత్రం శ్రమ తప్పదు.

నిజనిర్ధారణ నివేదికలకు భయపడకండి. ఈ చెల్లింపు వార్తల మీద ప్రెస్ కౌన్సిల్ పరంజయ్ గుహా ఠాకుర్తా, కె. శ్రీనివాసరెడ్డి అనే ఇద్దరితో ఉపసంఘం వేసింది. శ్రీనివాసరెడ్డి మన తెలుగు పాత్రికేయులే. వాళ్లు పేర్లతో సహా 71 పేజీలు రాశారు. కౌన్సిల్ 2010లో ఆ పేర్లన్నీ తీసేసి చిన్న నివేదిక విడుదల చేసింది. పెద్దది 2011లో, సమాచార కమిషన్ ఆదేశించాక గానీ బయటికి రాలేదు. అప్పటికి ఆ ఎన్నికల్లో గెలిచినవాళ్లు పదవిలో దాదాపు రెండేళ్లు గడిపేశారు.

7. మండల విలేకరికి జీతం ఇవ్వకండి. రేపు మీరే జిల్లా ఇన్‌ఛార్జి అవుతారు, అప్పటికి పనికొస్తుంది. ఒక గుర్తింపు కార్డు, ఒక మైకు గొట్టం ఇవ్వండి. అక్రెడిటేషన్ వస్తుందని ఆశపెట్టండి. ఆగస్టు 15, జనవరి 26, కొత్త సంవత్సరం, సంక్రాంతి, నాయకుల పుట్టినరోజులకు యాడ్స్ టార్గెట్ పెట్టండి. వార్త పంపకపోయినా ఊరుకోండి, టార్గెట్ తప్పితే ఊరుకోకండి. అతను యాడ్ కోసం క్వారీ యజమాని దగ్గరికి వెళతాడు, ప్రైవేటు కాలేజీ దగ్గరికి వెళతాడు, ఇసుక కాంట్రాక్టరు దగ్గరికి వెళతాడు. ఇచ్చినవాళ్ల మీద అతను ఎలాగూ రాయడు, ఇవ్వనివాళ్ల మీద రాస్తానంటాడు. రెండింట్లోనూ మీ చెయ్యి కనిపించదు. ఎవరైనా ఫిర్యాదు చేస్తే "అతనికీ మా సంస్థకూ సంబంధం లేదు" అని పేపర్లో చిన్న ప్రకటన వేసి, కార్డు వెనక్కి తీసుకుని, ఇంకొకరికి ఇవ్వండి. ఊళ్లో బడి పైకప్పు కారుతోందనీ, ఆస్పత్రిలో డాక్టరు రావడం లేదనీ అందరికంటే ముందు తెలిసేది ఇతనికే. ఆ వార్తలు యాడ్ తేవు కాబట్టి పంపొద్దని నోటితో చెప్పనక్కర్లేదు. తొలి ఏడాదిలోనే తనకు అర్థమవుతుంది.

8. సవరణ వేసేటప్పుడు చిన్నగా వెయ్యండి. తప్పు మొదటి పేజీలో ఎనిమిది కాలాల్లో వస్తే, సవరణ టెండర్ నోటీసుల పక్కన రెండు లైన్లు చాలు. ఏం తప్పో చెప్పకుండా "చింతిస్తున్నాం" అనండి. వెబ్‌సైట్లో అయితే అది కూడా అక్కర్లేదు, లింకు తీసెయ్యండి.

9. వ్యంగ్యాన్ని వార్తగా, వార్తను వ్యంగ్యంగా వాడుకోవడం నేర్చుకోండి. అమెరికాలోని 'ది ఆనియన్' అనే వ్యంగ్య పత్రిక 2012లో ఉత్తర కొరియా అధినేత కిమ్ జాంగ్ ఉన్‌ను ప్రపంచంలోకెల్లా ఆకర్షణీయమైన మగవాడిగా ఎంపిక చేసింది. చైనా కమ్యూనిస్టు పార్టీ పత్రిక పీపుల్స్ డైలీ వెబ్‌సైటు అది నిజమనుకుని 55 ఫొటోలు జతచేసి వేసింది. అంత పెద్ద సంస్థకే ఫోన్ చెయ్యాలనిపించలేదు, మీకెందుకు?

తిరగేసి కూడా వాడొచ్చు. ఒకరి పరువు తీసే అబద్ధం రాయండి. లీగల్ నోటీసు వస్తే "అది సరదాకి రాసింది, వ్యంగ్యం అర్థం చేసుకోరా?" అనండి. రాసినప్పుడు అందులో నవ్వు లేకపోయినా పరవాలేదు, నోటీసు వచ్చాక చేర్చుకోవచ్చు.

10. నవ్వించేవాణ్ని ఆఫీసులో ఉండనివ్వకండి. మిగతా తొమ్మిదీ మరిచిపోయినా ఇది మరవొద్దు. కార్టూనిస్టు చూడ్డానికి పనిలేనివాడిలా కనిపిస్తాడు గానీ ఆఫీసులో అందరికంటే ఎక్కువ చదివేది అతనే. మంత్రిగారు నిరుడు అన్నదీ ఈ ఏడు అన్నదీ పక్కపక్కన పెట్టుకుంటేగానీ అతనికి బొమ్మ తట్టదు. ఒక్క వివరం తప్పినా జనం నవ్వరు. అంటే ఒకటో చిట్కా నుంచి మనం తప్పించుకుంటూ వస్తున్న పనంతా ఇతను మూల కూర్చుని చేసేస్తున్నాడన్నమాట. అక్కడితో ఆగడు. పదిహేను రోజులు దాచిన సంగతిని ఒక్క గీతలో చెప్పేస్తాడు, చదువు రానివాళ్లకు కూడా తెలిసిపోతుంది.

తెలుగు పత్రికలకు ఈ అలవాటు మొదటినుంచీ ఉంది. వీరేశలింగం 1874లో 'వివేకవర్ధని' పెట్టి, లంచాలు మరిగిన కోర్టు ఉద్యోగులనూ ప్లీడర్లనూ ఏకిపారేశారు. అది చాలదని 'హాస్య సంజీవని' కూడా నడిపారు. పానుగంటి వారు 'సాక్షి' వ్యాసాల్లో జంఘాలశాస్త్రి అనే పాత్రను వేదికెక్కించి, తన కాలపు పెద్దమనుషుల్నందరినీ కడిగించారు. ఢిల్లీలో కార్టూనిస్టు శంకర్ 1948లో పెట్టిన వ్యంగ్య వారపత్రికను నెహ్రూయే ప్రారంభించి, నన్ను కూడా వదలొద్దని చెప్పి వెళ్లారు. అలాంటి ప్రధానులు మీకు తగిలితే కష్టమే. ఆ పత్రిక 1975లో, ఎమర్జెన్సీ రోజుల్లో మూతపడింది.

కార్టూనిస్టును ఉద్యోగంలోంచి తీసెయ్యకండి, గొడవ అవుతుంది. బొమ్మ సాయంత్రం నాలుగింటికే కావాలనండి. ముందు యాడ్స్ మేనేజరుకు చూపించమనండి, తర్వాత లీగల్ విభాగానికి, తర్వాత యజమాని గారి ఆఫీసుకు. రెండు కాలాల బొమ్మను ఒక కాలానికి కుదించండి. మొదటి పేజీ నుంచి ఏడో పేజీకి, రోజూ నుంచి ఆదివారానికి జరపండి. ఇంకా గీస్తుంటే బయట జరిగేవి చదివి వినిపించండి: జాదవ్‌పూర్ యూనివర్సిటీ ప్రొఫెసర్ ఒకరు పశ్చిమ బెంగాల్ అప్పటి ముఖ్యమంత్రి మమతా బెనర్జీ మీద కార్టూన్‌ను మెయిల్లో పంపినందుకు 2012 ఏప్రిల్‌లో అరెస్టయ్యారు. ఆయన ఆ కేసు నుంచి బయటపడింది 2023 జనవరిలో. అదే 2012లో కార్టూనిస్టు అసీం త్రివేదిని కార్టూన్లు గీసినందుకు రాజద్రోహం కింద అరెస్టు చేశారు. ఇవి విన్నాక అతనే చెట్లూ పిల్లులూ గీయడం మొదలుపెడతాడు.

ఖాళీ అయిన చోట ట్రోల్ వీడియోలు పెట్టండి. పదవిలో ఉన్నవాళ్ల జోలికి పోవద్దు. మైకు ముందు తడబడిన ముసలమ్మ, లావుగా ఉన్న నటి, ఇంగ్లిష్ సరిగ్గా పలకలేని పల్లెటూరి కుర్రాడు, వీళ్లు చాలు. వీళ్లలో ఎవరూ నోటీసు పంపరు, యాడ్ ఆపరు, కేసు పెట్టరు. జనం నవ్వుతారు, వ్యూస్ వస్తాయి, మన సంస్థకు హాస్యం ఉందన్న పేరూ వస్తుంది.

ఈ చిట్కాల్లో ఏదీ నేను ఊహించి చెప్పింది కాదు. అన్నీ ఎక్కడో ఒక ఆఫీసులో పనిచేసినవే, ఇవాళ్టికీ పనిచేస్తున్నవే. సందేహించకుండా రేపటి ఎడిషన్ నుంచే మొదలుపెట్టండి.