భాగవతుల తెర ఆత్మకథ

నేను భాగవతుల తెరను. ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుంటే నిలబడే రంగుగుడ్డను. నాకు దూలాలు, తాళ్లు అక్కర్లేదు. మఠంపల్లి లాంటి ఊళ్లో రచ్చబండ ముందైనా, బడి ఆవరణలోనైనా, గుడి ముంగిట్లోనైనా నన్ను పట్టిన చోటే రంగస్థలం. నేను చెప్పదలచిన మాట ఒక్కటే. ఒంటి కదలికలతో నవ్విస్తూ రహస్యాన్ని కొద్దికొద్దిగా విప్పే నాటకాన్ని మనం ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోనక్కర్లేదు, మన వీధినాటకంలో అది మొదటినుంచీ ఉంది. అందుకు మొదటి సాక్ష్యం నా కొలతే. నేను నటుణ్ణి పూర్తిగా దాచను. పైన కిరీటం కొస, కింద గజ్జెకట్టిన పాదాలు కనబడుతూనే ఉంటాయి. ఆ అడుగు బరువును బట్టి వచ్చేది రాజో రాక్షసుడో జనం లెక్క కడతారు. ఆనవాళ్లు చూపి మనిషిని దాచడమే కదా అపరాధ పరిశోధన కథలో అసలు కిటుకు!

కృష్ణానది దిగువన, కూచిపూడిలో, సిద్ధేంద్రయోగి పేరున నిలిచిన భామాకలాపం చూడండి. సత్యభామ ముఖం చూపకముందే తన జడను నా మీదుగా ఇవతలికి వేస్తుంది. మనిషి ఇంకా మరుగునే ఉంటుంది, ఆమె గర్వం మాత్రం ఆ ఒక్క జడతో బయటపడుతుంది. తర్వాత చెలికత్తె మాధవి ప్రశ్నలు మొదలవుతాయి. మొగుడి పేరు చెప్పమంటే సత్యభామ సిగ్గుపడి మెలికలు తిరుగుతుంది. అది ముమ్మాటికీ విచారణే, కాకపోతే జవాబు నోటికంటే ముందు నడుము, మెడ, కనుబొమ్మలు చెబుతాయి. వీధిభాగవతాల్లో హాస్యగాడు చేసేదీ ఇదే. ఎంతటి మహారాజు వచ్చినా ఎదురెళ్లి ఎవరు నువ్వు, ఏ ఊరు, ఏం పని అని నిలదీస్తాడు. పరిశోధకుడి పనిని నవ్వించేవాడి చేతిలో పెట్టడం మనవాళ్ల గొప్ప ఎంపిక అని నా నమ్మకం. ఇక దాచడం సంగతికి వస్తే, పగటివేషగాళ్లలో అర్ధనారీశ్వరుడి వేషం కట్టినవాడి ఒళ్లు సగం శివుడు, సగం పార్వతి. ఒక సగాన్ని గుడ్డతో కప్పి రెండో సగాన్ని చూపిస్తాడు. మలుపు తిరిగితే మనిషే మారిపోతాడు. పట్టపగలు, వేదిక లేకుండా, జనం మధ్య అంత నిబ్బరంగా దాచగలగడం సామాన్యమైన సాధన కాదు.

రామాయణ భారతాలు అందరికీ తెలిసినవే, ఇక రహస్యం ఎక్కడిది అని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిన ప్రశ్నే. విరాటపర్వం తీసుకోండి. ఐదుగురు అన్నదమ్ములు, ద్రౌపది మారువేషాల్లో ఉంటారు, వెతికే వేగులవాళ్లు ఉంటారు, కీచకుడు చస్తాడు. వాణ్ణి అలా చంపగలవాడు భీముడేనని దుర్యోధనుడు ఊహిస్తాడు. శవాన్ని బట్టి హంతకుణ్ణి పసిగట్టడం ఇదే. చీకట్లో ఆడదనుకుని కీచకుడు చెయ్యి వేసిన భుజం భీముడిదని జనానికి ముందే తెలుసు. తెలుసు గనకే నవ్వుతారు. ఎవరికి తెలుసు, ఎవరికి తెలియదు అన్న తేడాలోనే ఆ హాస్యం ఉంది. మఠంపల్లి మండలంలోని మట్టపల్లి లక్ష్మీనరసింహస్వామి స్థలపురాణం కూడా వెతుకులాట కథే. కలలో ఆనతి అందుకున్న తంగెడ మాచిరెడ్డి ఎంత వెతికినా స్వామి జాడ దొరకదు, చివరికి చెట్టు మీద వాలిన పక్షి ఆనవాలుతో గుహ బయటపడుతుంది. ముగింపు తెలిసినా ఆ కథ వినేవాళ్లు తగ్గలేదు.

ఒంటి కదలికలతో నవ్వించడం మోటు అనే మాటకూ జవాబు ఉంది. మోటుగా ఆడేవాళ్లు లేకపోలేదు, ఆ తప్పు ఆడినవాడిదే. ఇక విద్యుద్దీపాలు, సెట్టింగులు వచ్చాక చేతితెర ఎందుకన్న వాదన ఉంది. దానికి లండన్‌లో ఆడిన ఒక నాటకమే జవాబు. జాన్ బుకన్ 1915 నాటి నవలను హిచ్‌కాక్ 1935లో సినిమాగా తీశాడు. పాట్రిక్ బార్లో దాన్ని హాస్యనాటకంగా మలిచాడు. ‘ది థర్టీ నైన్ స్టెప్స్’ అనే ఆ గూఢచారి కథలోని పాత్రలన్నీ నలుగురే నటులు టోపీలు, కోట్లు మార్చుకుంటూ పోషించారు. లండన్‌లో అది 2006 నుంచి 2015 దాకా ఆడింది. అన్ని హంగులూ ఉన్న నగరం ఏళ్ల తరబడి మెచ్చుకున్నది నటుల ఒంటి నేర్పునే. ఆ నేర్పు మన చిందు కళాకారుల్లో, భాగవతుల్లో ఇంకా ఉంది. వాళ్లను పిలిచేవాళ్లే తగ్గారు.

అందుకే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నాటక మిత్రులకు నా విన్నపం. కొత్త హాస్యనాటకం రాసేటప్పుడు హత్య జరిగిన బంగళా, ఓవర్‌కోటు డిటెక్టివ్ కోసం దూరం వెళ్లకండి. సున్నపురాయి లారీ మాయమైన కథైనా, జాతరలో తప్పిపోయిన పొట్టేలు కథైనా సరే రాసి, విచారణ హాస్యగాడికి అప్పగించండి. ఇద్దరి చేత నన్ను పట్టించండి.