పీకేస్తే పోలా!

లైనక్స్ కంప్యూటర్‌కి ఆర్డువినో నానో తగిలిస్తే పోర్టు కనపడలేదా? మన ఇంజినీరింగ్ కాలేజీల్లో దీనికి విరుగుడు ప్రతి బ్యాచ్‌కీ కంఠతా వచ్చు. బోర్డు పీకి మళ్ళీ పెట్టాలి. కేబుల్ మార్చాలి (ఇది మాత్రం సబబే, సగం కేబుళ్ళు ఛార్జింగ్‌కి తప్ప డేటాకి పనికిరావు). అప్పటికీ దిక్కులేకపోతే ‘సూడో సీహెచ్‌మాడ్ 777’ అనే మంత్రం చదవాలి. బోర్డు ఊడదీయగానే ఆ అనుమతి హరీమంటుంది. యూజర్‌ని ‘డయలౌట్’ గ్రూపులో ఒక్కసారి చేర్చి, లాగౌట్ అయి వస్తే ఆ బెడద మళ్ళీ ఉండదు. కానీ మంత్రమన్నాక రోజూ జపించాలి గానీ, ఒకసారి చదివి ఊరుకుంటే భక్తేముంది?

ఆఖరి అస్త్రం ‘బీఆర్ఎల్‌టీటీవై తీసెయ్’. 2022 ఏప్రిల్‌లో ఉబుంటు 22.04 వచ్చాక దీనికి ఎంత పేరొచ్చిందంటే, అదేమిటో తెలియనివాళ్ళకి కూడా దాన్ని తీసేయడం తెలుసు. తీసేయగానే బోర్డు పలుకుతుంది. పలికాక ఇంక ఎందుకని అడిగే ఓపిక ఎవరికుంది?

ఇంతకీ అదేమిటి? చూపులేనివాళ్ళు బ్రెయిలీ పరికరం తగిలించుకుని, తెర మీది అక్షరాలను వేళ్ళతో చదువుకునే సాఫ్ట్‌వేర్. తెర చూసి సెట్టింగులు నొక్కడం వాళ్ళకి కుదరదు గనక, పరికరం గుచ్చగానే అది తనంతట తానే లేవాలి. లేచింది పాపం. నానోని చూసి బ్రెయిలీ పరికరమనుకుంది. ‘డీమెసేజ్’ కొట్టి చూస్తే పంచాయితీ మొత్తం అక్కడే ఉంటుంది. సీహెచ్341 డ్రైవర్ బోర్డుని పట్టుకుంది, టీటీవైయూఎస్‌బీ0 అని పేరు పెట్టింది. ఆ వెంటనే బీఆర్ఎల్‌టీటీవై వచ్చి చెయ్యేసింది. డ్రైవర్ వదిలేసింది, పోర్టు మాయం. ఎవరు ఎవరి మీద చెయ్యేశారో పేర్లతో సహా రాసి పెట్టింది కెర్నెల్. చదివే నాథుడుంటే కదా!

అది పొరబడటంలో వింతేమీ లేదు. ప్రతి యూఎస్‌బీ పరికరం కంప్యూటర్‌కి రెండు నంబర్లు చెప్పుకుంటుంది. ఒకటి తయారీదారుది, ఒకటి వస్తువుది. చౌక నానోల మీద ఉండే సీహెచ్340 చిప్పు నంబరు 1ఏ86:7523. ఆ బోర్డు చేసినవాడు తనకంటూ వేరే నంబరు పెట్టుకోలేదు. అదే చిప్పు వేసి 3డీ ప్రింటర్ చేసినవాడూ పెట్టుకోలేదు. అంధుల కోసం బ్రెయిలీ రీడర్ చేసినవాడికీ ఆ బుద్ధి పుట్టలేదు. సొంత నంబరు కావాలంటే యూఎస్‌బీ ప్రమాణాల సంస్థకి వేల డాలర్లు కట్టాలి, చిప్పుతో వచ్చింది ఉచితం. ఒక్క ఆధార్ నంబరు మీద ఊరు ఊరంతా రేషన్ తెచ్చుకుంటోందన్నమాట. సీహెచ్340జీ రకానికైతే సీరియల్ నంబరు కూడా ఉండదు. రెండు నానోలు పక్కపక్కనే పెడితే, ఏ పోర్టులో ఏది గుచ్చామన్నదే కెర్నెల్‌కి ఆనవాలు. ఈఎస్‌పీ32 బోర్డుల మీద కనిపించే సీపీ2102ది ఇంకో నంబరు, అదే భాగవతం. అక్కడ పొత్తు సెయికా బ్రెయిలీ పరికరంతో.

ఇన్ని చేతులు మారిన తగవులో దోషి ఎవరని తేల్చాం? డబ్బు మిగుల్చుకున్న కంపెనీలు కాదు. కోర్టు ముందు లేని అంధుడి సాఫ్ట్‌వేర్! ‘మనకి అక్కర్లేదుగా’ అన్నది తీర్పు పాఠం. మీ సొంత ల్యాప్‌టాప్‌లో తీసేసుకోండి, అడిగేవాళ్ళెవరు? కానీ కాలేజీ ల్యాబులో ఒక కంప్యూటర్‌లో తీసేసి, దాన్నే క్లోన్ చేసి మిగతా అన్నిటికీ ఎక్కించి, ‘సమస్య పరిష్కరించబడింది’ అని రిజిస్టర్‌లో రాసుకునే పాండిత్యం సంగతేమిటి? 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో వికలాంగులకు కనీసం 5 శాతం సీట్లు కేటాయించాలి. సీటు చట్టం ఇస్తుంది. అందులో కూర్చున్న చూపులేని విద్యార్థి బ్రెయిలీ పరికరం గుచ్చితే కంప్యూటర్ మాత్రం ఉలకదు, పలకదు.

పోనీ అసలు మందు ఏమన్నా బ్రహ్మవిద్యా? ఏ నంబరు పరికరం గుచ్చితే లేవాలో చెప్పే బీఆర్ఎల్‌టీటీవై యూదేవ్ నియమాల ఫైలుని ఈటీసీ కింద అదే పేరుతో కాపీ చేసి, 7523 ఉన్న లైను ముందు # గుర్తు పెట్టాలి. బోర్డూ పనిచేస్తుంది, సొంత నంబరున్న బ్రెయిలీ పరికరాలూ పనిచేస్తాయి. ఇలాంటి ఉమ్మడి నంబర్ల నియమాలను ఆ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళే తర్వాత విడిగా వేరే ఫైల్లోకి మార్చారు కూడా.

ఇంకో సంగతి. యూఎస్‌బీ తొలి ప్రమాణం 1996 జనవరిలో వచ్చింది. మనం పానకంలో పుడకలా తీసిపారేస్తున్న బీఆర్ఎల్‌టీటీవై 1995 నుంచీ ఉంది. ల్యాబ్ ఇన్‌ఛార్జి గారూ, వచ్చే బ్యాచ్ కోసం కంప్యూటర్లు సిద్ధం చేసేటప్పుడు దాన్ని మళ్ళీ ఎక్కించండి. # ఎక్కడ పెట్టాలో పైనే చెప్పాను.