మేస్త్రి చేతి మూలమట్టము

ఒక బాహువు ఇనుపరేకు, ఇంకొకటి కొయ్య. ఆ రెండును కలసికొనుచోట నిలిచిన 90 డిగ్రీల కోణమే నా సర్వస్వము. గోదావరి లంకలలోని పాత ఇండ్లను బాగుచేయు వడ్రంగి బృందమునకు పెద్దయైన మేస్త్రి చేతిలో నా జీవితము గడచినది. ఉలి, బాడిస, రంపము ఎవరికి అక్కరయైన వారి చేతికి పోవును గాని, పదుగురి పనిని ఒక్క కొలతకు తేవలసిన నన్ను ఆయన తన సంచిలోనే ఉంచుకొనును.

పడవ దిగి ఇసుకతిన్నెలు దాటి ఊరు చేరినంతనే ఆయన మొదట పరీక్షించునది నన్నే. చిత్రిక పట్టిన పలక అంచునకు నన్నానించి ఒక గీత గీయును. పిదప నన్ను బోర్లించి, అదే బిందువునుండి మరియొక గీత గీయును. రెండును ఏకమైననే పని మొదలు. వెంట్రుకవాసి ఎడమున్నను నన్ను సరిచేసిన గాని రంపము కదలదు. లంకలో మరచిన మేకు కొరకైనను ఏరు దాటిపోవలెను గనుక, రేవు విడువకమునుపే పని యావత్తును మనసులో ఒకమారు ముగించుకొనుట మేస్త్రి ధర్మమని ఆయన నమ్మిక.

1986 ఆగస్టులో భద్రాచలము వద్ద 75.6 అడుగులకు పొంగిన గోదావరి శాంతించిన పిమ్మట, ఒక మండువా లోగిలికి మమ్ము పిలిపించిరి. మట్టిగోడ ఒకవైపు క్రుంగినది; పెంకులు జారి వాన దిగుటచే గోడలో ఇమిడిన తాటిదూలపు కొన కుళ్ళినది. తాటిమ్రానునకు చేవ వెలుపలనే యుండును, నడుమ మెత్తని పీచు. అందుచే పైకి నిగనిగలాడు దూలము లోన డొల్లయై యుండవచ్చును. కుర్రవారు దూలమునకు గునపము తగిలింపబోగా, "ముందు పెంకు దించండ్రా. బరువు తగ్గాక ఊతకర్రలు, ఊతలు బిగిశాకే దూలం" అని మేస్త్రి వారించి, తొలి ఊత క్రింద తానే నిలిచెను.

"గోడ వంకరగా ఉందండి మేస్త్రిగారూ, ద్వారబంధం తిన్నగా నిలబెడితే సందు పడుతుందండి," అనెనొక కుర్రవాడు.

"పడనీ, సందుకి పట్టీ కొడదాం. బంధం వాలితే తలుపు దానంతటదే తెరుచుకుంటుందిరా అబ్బాయ్."

వాసముల విషయమున మాత్రము ఆయన నన్ను సంప్రదింపలేదు. పాత వాలునే అనుసరించెను. ఒక్క వాసము ఎత్తైనను పెంకుల వరుస చెదరి అచ్చటనే వాన కారును. ఎచ్చట నా మాట చెల్లవలెనో, ఎచ్చట ఇంటి మాట చెల్లవలెనో ఎరిగిన ఆ వివేకమును నేను మనసారా గౌరవింతును.

గడపను మార్చవద్దని ఆ ఇంటి మామ్మగారు కోరిరి. అది బర్మా టేకు. చిత్రిక సాగినంతనే బూడిదరంగు పొర లేచిపోయి తేనెవన్నె చేవయు, నూనెవాసనయు బయటపడినవి.

"మీరు తీసెయ్యమన్నా తీయనండి, మామ్మగారూ. నాని పాడైన ఈ కొన మేరకే కోసి అతుకు వేస్తాను," అనుచు ఆయన కోతగీతకై నన్ను చేతికి తీసికొనెను. సాయంకాలపు పడవకు ముందే ఆ అతుకు బిగిసినది.