నడిచొచ్చిన వారసులు

మళ్లీ పాదయాత్ర అట. సూర్యాపేటలో కేటీఆర్ మాటిచ్చినప్పటి నుంచి ఒకటే చర్చ: ఎక్కణ్నుంచి మొదలు, ఎన్ని నియోజకవర్గాలు, మొత్తం ఎన్ని కిలోమీటర్లు? అసలెందుకు నడవాలని మాత్రం ఎవరూ అడగడం లేదు. అడగక్కర్లేదు కూడా. తెలుగునాట పెద్దింటి బిడ్డకు అన్నప్రాశన, అక్షరాభ్యాసం, అమెరికా చదువు అయ్యాక మిగిలిపోయే సంస్కారం ఇదొక్కటే. లగ్నం ఎన్నికలకు ఏడాదో రెండేళ్లో ముందుకు కుదురుతుంది.

ఈ వార్త సూరత్‌లోని గోడాదరాకూ చేరింది. ఇక్కడా, ఆనుకుని ఉన్న లింబాయత్‌లోనూ, డిండోలీలోనూ సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి బతకడానికొచ్చిన పద్మశాలీలు తరాలుగా ఉంటున్నారు. సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, పన్నెండు గంటల పాళీ. ఒక్కొక్కరి చేతికింద ఎనిమిదో పదో సాంచాలు. దారం తెగితే అటు పోవాలి, కండె అయిపోతే ఇటు రావాలి. తెల్లారేదాకా ఆ రెండు వరసల నడుమ తిరగడమే పని. కూలి మీటర్లలోనే లెక్క కడతారు, కాకపోతే అవి బట్ట మీటర్లు. నడిచిన మీటర్లు లెక్కలోకి రావు.

వారసుల నడక అలా కాదు. ప్రతి కిలోమీటరుకూ పద్దు ఉంటుంది. 2003లో రాజశేఖరరెడ్డి చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచారు, సుమారు 1,500 కిలోమీటర్లు. ఆయన కూతురు షర్మిల 2012లో ఇడుపులపాయలో బయల్దేరి మరుసటేడు ఆగస్టుకు అదే ఇచ్ఛాపురం చేరారు, 3,112. కొడుకు జగన్ 2017 నవంబరులో అదే ఇడుపులపాయలో మొదలుపెట్టి 2019 జనవరిలో అదే ఇచ్ఛాపురంలో ఆపారు, 3,648. అటు నారా లోకేశ్ 2023లో కుప్పం నుంచి అగనంపూడి దాకా, 3,132. చెల్లెలి లెక్కను అన్న ఐదు వందల చిల్లరతో దాటితే, లోకేశ్ జగన్‌ను అందుకోలేకపోయినా షర్మిలను ఇరవై కిలోమీటర్లతో కొట్టేశారు. ప్రజల కష్టాలకు ఈ ఇరవై కిలోమీటర్లలో ఏం తేడా వచ్చిందో యాత్రకు లెక్కలు రాసినవాళ్లే చెప్పాలి.

వెయ్యి కిలోమీటర్లకో పైలాన్. రెండు వేలకో పైలాన్. తెల్లవారితే మైలురాయి పక్కన నిలబడి ఫొటో. పాపం ఇచ్ఛాపురం ఏం నేరం చేసిందో, ఒకే ఇంట్లో తండ్రికీ కూతురికీ కొడుక్కీ స్తూపాలు మోస్తోంది. ఒడిశా సరిహద్దు అక్కడ అడ్డం వచ్చింది కాబట్టి సరిపోయింది, లేకపోతే బరంపురంలోనూ సిమెంటు కలిపేవాళ్లు.

ఈ తపస్సులకు విరామాలూ ఉంటాయి. జగన్ యాత్ర గురువారం సాయంత్రం ఆగేది, శుక్రవారం హైదరాబాద్ సీబీఐ కోర్టులో హాజరు కావాలి కనుక. లోకేశ్ యాత్ర 2023 సెప్టెంబరులో తండ్రి అరెస్టుతో ఆగి, నవంబరు చివర్లో మళ్లీ మొదలైంది. షర్మిల మోకాలి ఆపరేషన్ కోసం ఆగారు, ఆ ఒక్కదాన్ని వెక్కిరించడం అన్యాయం. మోకాళ్లు అరగడమంటే ఏమిటో గోడాదరాకు బాగా తెలుసు.

చిత్రమేమిటంటే, ఏ వంశమూ అండలేని ఎన్టీ రామారావు నడవనే లేదు. 1982 మార్చిలో పార్టీ పెట్టి, చైతన్య రథం మీద తిరిగి, 1983 జనవరికి ముఖ్యమంత్రి అయ్యారు. వ్యాను చాలింది. కాళ్లు అరగదీసుకోవాల్సిన అవసరం తర్వాతి తరాలకు వచ్చింది. కుర్చీ ఇంట్లోనే ఉన్నవాడు దాన్ని బయట సంపాదించినట్టు కనిపించాలి కదా! అందుకే బొబ్బలకు అంత ప్రచారం.

ఇక సిరిసిల్ల సంగతి. కేటీఆర్ 1976లో పుట్టారు. గుంటూరులో ఇంటర్, నిజాం కాలేజీలో మైక్రోబయాలజీ, పుణేలో బయోటెక్నాలజీ, న్యూయార్క్‌లో ఎంబీఏ, అమెరికాలో ఉద్యోగం. ఇంతవరకూ ఎవరికీ ఏ పేచీ లేదు, ఎవరి పిల్లలు ఎంతైనా చదువుకోవచ్చు. 2009లో సిరిసిల్ల టికెట్ వచ్చింది. అక్కడ పార్టీ జెండా మోస్తూ వచ్చిన కె.కె. మహేందర్ రెడ్డికి రాలేదు. ఆయన ఇండిపెండెంటుగా నిలబడ్డారు. తేడా ఎంతో తెలుసా? 171 ఓట్లు. తెలంగాణ ఉద్యమ నాయకుడి కొడుకు, ఉద్యమ పార్టీ గుర్తు, అయినా ఒట్టి చేతులతో నిలబడ్డ సొంత పార్టీ మనిషి మీద 171. ఆ తర్వాత 2014లో తండ్రి మంత్రివర్గంలో మంత్రి, 2018లో పార్టీ వర్కింగ్ ప్రెసిడెంట్. అప్పట్లో బావ హరీశ్ రావు మంత్రి, చెల్లెలు కవిత ఎంపీ, మరో బంధువు సంతోష్ కుమార్ రాజ్యసభలో. 2025 సెప్టెంబరులో కవితను సస్పెండ్ చేస్తే, మర్నాడే ఆవిడ పార్టీకీ శాసనమండలికీ రాజీనామా చేసి, అక్టోబరుకల్లా సొంత యాత్రకు బయల్దేరారు. ఇంట్లో గొడవైనా రోడ్డెక్కడమే ఆచారం.

ఇక్కడ వెటకారం ఆపాలి. మహేందర్ రెడ్డి ఒక్కడి కథ కాదిది. ప్రతి నియోజకవర్గంలో ఒకడుంటాడు. ఇరవై ఏళ్లు గోడల మీద రాతలు రాసి, కేసులు పెట్టించుకుని, భార్య పుస్తెలు తాకట్టు పెట్టి మీటింగులకు జనాన్ని తోలినవాడు. నామినేషన్ల ముందు రోజు హైదరాబాద్ నుంచి ఫోన్ వస్తుంది, సారు కొడుకొస్తున్నాడు, సర్దుకో అని. సర్దుకుంటాడు. సర్దుకోకపోతే ద్రోహి అవుతాడు. తర్వాత ఆ కొడుకు మూడు వేల కిలోమీటర్లు నడిచి, ఎండకు కమిలిన మొహంతో, నేను కష్టపడి పైకొచ్చానంటాడు. ఆ మాటకే ఒళ్లు మండుతుంది. పుట్టుక ఎవరి తప్పూ కాదు, నిజమే. దొరికిన దాన్ని సంపాదించానని బుకాయించడం మాత్రం తప్పే. బుకాయింపుకు పాదాభివందనం చేసి, పాలాభిషేకం చేసి, పైలాన్‌కు రిబ్బన్ కట్టే మనది అంతకంటే పెద్ద తప్పు.

ఓడించినా వారసులు తప్పరు. 2019లో నిజామాబాద్ ప్రజలు కవితను దింపి ధర్మపురి అరవింద్‌ను గెలిపించారు. ఆయనెవరు? మరో పెద్ద నాయకుడు డి. శ్రీనివాస్ కొడుకు.

ఇది మన ఒక్కళ్ల రోగమే అనుకుంటే ఫిలిప్పీన్స్ వైపు చూడొచ్చు. బాంగ్‌బాంగ్ మార్కోస్ 1980లో, తండ్రి దేశాధ్యక్షుడిగా ఉండగా, పోటీ లేకుండా ఇలోకోస్ నోర్టే వైస్ గవర్నరయ్యాడు. మూడేళ్లకు గవర్నరు కుర్చీ లోంచి మేనత్త దిగితే తను ఎక్కాడు. 1986లో జనం తిరగబడితే కుటుంబమంతా హవాయికి పరారు. 2022లో 3 కోట్ల పైచిలుకు ఓట్లతో అదే కొడుకు దేశాధ్యక్షుడు. అక్క సెనేటర్, కొడుకు ప్రతినిధుల సభలో. ఉపాధ్యక్షురాలు అంతకుముందు అధ్యక్షుడైన దుతెర్తే కూతురు. రాజకీయ వంశాలను నిషేధించాలని వాళ్ల 1987 రాజ్యాంగంలోనే రాసుకున్నారు. కాకపోతే వంశమంటే ఏమిటో చట్టం నిర్వచించాలన్నారు, ఆ చట్టం చేయాల్సింది ఆ వంశాలతో నిండిన సభ. దశాబ్దాలు గడిచినా ఆ నిర్వచనం కుదరలేదు. మనం అంత శ్రమ కూడా పడలేదు, ఉత్త రాతలో కూడా నిషేధించుకోలేదు.

గోడాదరాకు కేటీఆర్ కొత్తేమీ కాదు. 2017లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరలు పంచినప్పుడు చేనేత, జౌళి మంత్రి ఆయనే. కోటి చీరలు కావాలి, సిరిసిల్లలో అన్నీ నేయించే వ్యవధి లేదు, చాలావాటిని సూరత్ నుంచి తెప్పించారు. నాణ్యత బాగాలేదని ఆడవాళ్లు కొన్నిచోట్ల వాటిని రోడ్ల మీదే తగలబెట్టారు. ఆ తర్వాత ఏళ్లలో ఆర్డర్లు సిరిసిల్లకే వెళ్లాయి, దాన్ని కాదనలేం. కానీ ఊళ్లో పనిలేక సూరత్ వచ్చినవాడి పేట పక్కనుంచే, వాడి ఊరి పండక్కి చీరలు మూటకట్టి తీసుకెళ్లిన సంవత్సరం అది.

ఇక్కడి ఆడవాళ్లు ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అంటిస్తారు. ఒళ్లో చీర పరుచుకుని, జిగురు చుక్క పెట్టి, వేలికొనతో ఒక్కో రాయి అద్దాలి. చీరకు ఇన్ని రూపాయలని లెక్క. జిగురు వాసనకు తల దిమ్మెక్కుతుంది. తలుపు తీస్తే దుమ్ము, వేస్తే వాసన. పాదయాత్ర వీడియో ఫోన్లో వస్తే, రెండు చేతులకూ జిగురే కాబట్టి, మోచేత్తో పక్కకు తోస్తారు.

సిరిసిల్ల నుంచి గోడాదరా ఎనిమిది వందల కిలోమీటర్ల పైమాటే. జగన్ నడిచిన దాంట్లో నాలుగో వంతుకు అటూ ఇటూ. కేటీఆర్‌కు నిజంగా నడవాలనుంటే రూటు మ్యాపు కొత్తగా గీయించుకోనక్కర్లేదు, చీరల మూటలు వచ్చిన దారినే రావచ్చు. కాకపోతే ఇక్కడ చాలామంది ఓటు గుజరాత్‌లో ఉంది. పైలాన్‌కు స్థలం సూరత్ కార్పొరేషన్‌ను అడుక్కోవాలి.