దందదన్‌కు లష్కరు వ్యాఖ్య, టీకా తాత్పర్య సహితము

అవతారిక

సికింద్రాబాద్ రైల్వే స్టేషనుకు కూతవేటు దూరంలో రెజిమెంటల్ బజార్. పేరులోనే పటాలం ఉన్నందువల్లనో ఏమో, ఇక్కడి మాటలు పొట్టిగా, గట్టిగా ఉంటాయి. వివరణ అడిగితే చాయ్ చల్లారిపోతుంది. బోనాల ముందటి ఒక సాయంత్రం, చాయ్ బండి దగ్గర డిగ్రీ చదివే కుర్రాడొకడు తన దోస్తుతో ఈ కింది మూలాన్ని పలికాడు. దోస్తు తలూపి ఉస్మానియా బిస్కెట్ చాయ్‌లో ముంచుకున్నాడు. అంతటితో ఆ మాటలకు లోకంలో పని తీరిపోయింది. మా పని మొదలైంది.

కాళిదాసుకు వ్యాఖ్యలు రాసిన మల్లినాథసూరి మన మెదక్ సీమ కొల్చారం వాడు. ఆధారం లేనిది రాయనని, అక్కరలేనిది చెప్పనని ఆయన ప్రతిజ్ఞ. మొదటి సగానికి మేమూ కట్టుబడతాము. రెండో సగానికి కట్టుబడిన వ్యాఖ్యాత ఆయన తర్వాత పుట్టినట్టు కనబడదు.

మూలము

"మామా, దందదన్ సూసినవా? ముసలామె ఉరుకుతది సూడు, పైసా వసూల్. ఏడోది సూస్తే ఏడుస్తవ్. గని ఇంట్ల మమ్మీ ముంగట పెట్టకు, ఇజ్జత్ పోతది."

టీక

మామా = ఓ మిత్రమా. తల్లికి తమ్ముడు కానట్టి, పిల్లనివ్వనట్టి, వయసుతో నిమిత్తం లేనట్టి మామ అని అర్థము. బిల్లు ఎవరిదో తేలనంతవరకే ఈ సంబోధన చెల్లును.

దందదన్ = ఆ పేరుగల జపాను అనిమే ధారావాహిక. తాత్సు యుకినోబు రాసి గీసిన బొమ్మల కథ 2021 ఏప్రిల్‌లో షోనెన్ జంప్ ప్లస్‌లో మొదలయ్యెను. సైన్స్ సారు అనే స్టూడియో, యమాషిరో ఫూగా దర్శకత్వంలో దాన్ని 2024 అక్టోబరు నుంచి 12 భాగాలుగా చూపించెను. 2025 జులై నుంచి మరో 12. ఈ పేరును దందా అని విరిచి జనరల్ బజార్ బట్టల దుకాణాలకు అంటగట్టేవారు కలరు. అది అపపాఠము.

సూసినవా = చూచితివా? పైకి ప్రశ్న, లోపల ఆక్షేపణ. చూడకపోతే నీతో చాయ్ ఎందుకు తాగుతున్నానని కాకువు.

ఇక్కడ కథ చెప్పక తప్పదు. అయాసె మోమో అనే హైస్కూలు పిల్లకు దెయ్యాలంటే నమ్మకం, గ్రహాంతరవాసులంటే నవ్వులాట. వాళ్ల అమ్మమ్మే భూతవైద్యురాలు మరి. మోమో బడిలోనే ఉన్న ఒంటరి కుర్రాడికి సరిగ్గా తిరగేసిన నమ్మకం. పందెం వేసుకుని, నీ దెయ్యాల తావుకు నేను పోతా, నా గ్రహాంతరవాసుల తావుకు నువ్వు పో అనుకుంటారు. సొరంగంలో కుర్రాడికి దెయ్యం దొరుకుతుంది, పాడుబడ్డ ఆసుపత్రిలో పిల్లకు గ్రహాంతరవాసులు దొరుకుతారు. ఇద్దరూ ఓడిపోయిన పందెం ఇది, ఇద్దరూ గెలిచిన పందెం కూడా. కుర్రాడి పేరు తకకురా కెన్. జపాను తెర మీద మితభాషిగా, మొనగాడిగా వెలిగిన నటుడి పేరూ అదే. మోమోకు ఆ నటుడంటే ప్రాణం. బక్కపలచని, కళ్లద్దాల పిల్లవాడొకడు వచ్చి నా పేరు నందమూరి తారక రామారావు అంటే మన మేనత్తలు ఏమంటారో మోమో కూడా అదే అంటుంది. ఆ పేరుతో పిలవలేక ఓకరున్ అని మారుపేరు పెడుతుంది. ప్రేమకథ అంతా ఆ పిలుపులోనే మొదలవుతుంది.

ముసలామె = టర్బో బాబా అనే దెయ్యపు అవ్వ. కార్లతో పోటీపడి పరుగెత్తే అవ్వ గురించి జపాను జనం చెప్పుకునే కథ ఒకటుంది. ఆ అవ్వే ఇక్కడ సొరంగంలో కాపురం పెట్టినది.

ఉరుకుతది = పరుగిడును. ఈ ఒక్క క్రియాపదం మీద స్టూడియో తన విద్యనంతా ధారపోసినది. అవ్వ కనబడగానే లోకమంతా ఎర్రబారుతుంది. గ్రహాంతరవాసుల వంతు వచ్చినప్పుడు నీలం. ఎముకలున్నట్టు తోచని ఒళ్లు, గీత సాగి గాలిలో కలిసిపోయే కాళ్లు. అవ్వ శాపం సోకిన కుర్రాడు అదే వేగాన్ని పొందుతాడు గానీ, ఆ రూపంలో వాడికి లోకం మీద విరక్తి పుడుతుంది. మెరుపులా పరుగెత్తుతూ నీరసంగా మాట్లాడతాడు. వీరం, నిర్వేదం ఒకే ఒంట్లో. ఉషియో కెన్సుకె సంగీతం ఆ పరుగును వెనకనుంచి తోస్తుంది. సూడు అని వక్త ఆజ్ఞార్థకం వేసినది ఇందుకే. చెప్పి ఒప్పించదగిన పరుగు కాదు.

పైసా వసూల్ = పెట్టిన మూల్యానికి తగిన ఫలము. అన్న పాస్‌వర్డుతో చూసేవాడికి మూల్యమెక్కడిదని శంక. వాడు పోగొట్టుకున్న నిద్రయే మూల్యమని సమాధానము.

ఏడోది = మొదటి విడతలోని ఏడవ భాగము. ఏడుస్తవ్ = కంట తడి పెట్టుదువు. ఏడోది, ఏడుస్తవ్ అన్నచోట అనుప్రాసము. వక్తకు తెలియకుండా పడినది గనుక మరింత గొప్పది.

గని = కాని. ఇది ఈ వాక్యానికి నడుమ గోడ. ఇటు గుణములు, అటు దోషములు.

మమ్మీ ముంగట = కన్నతల్లి సమక్షమున; లక్షణచేత ఇంటిల్లిపాది అని గ్రహించవలెను. పెట్టకు = చూపకుము. ఎందుకనగా అవ్వ కుర్రాడి ఒంటిలోంచి ఎత్తుకుపోయిన అవయవం ఏదో, దాన్ని వెతుక్కుంటూ కథ ఎన్ని భాగాలు నడిచెనో... ఇట్టి చోట్ల పూర్వ వ్యాఖ్యాతలు అర్థము స్పష్టము అని రాసి ముందుకు సాగిరి. మేమూ అంతే.

ఇజ్జత్ పోతది = మానము దక్కదు.

తాత్పర్యము

ఓ మిత్రమా, ఈ ధారావాహికలో వేగము కనుల పండుగ, దుఃఖము నిజమైనది. కాని దీన్ని పెద్దల ఎదుట నిలబెట్టగల మర్యాద దీనికి లేదు, అని భావము.

విశేషములు

శాస్త్రం తెలిసినవారు ఇక్కడ చెయ్యెత్తుతారు. భయానకం, కరుణం హాస్యానికి శత్రువులని సాహిత్యదర్పణంలో విశ్వనాథుడు తేల్చి చెప్పాడు కదా. శృంగారానికైతే శత్రువుల పట్టిక ఇంకా పొడుగు. దందదన్ ఆ శత్రువులందరినీ ఒకే గదిలో కూర్చోబెడుతుంది. మరి రసభంగం కాలేదా?

కాలేదు. ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో దీనికి ఉపాయం చెప్పే ఉన్నాడు. పొసగని రెండు రసాల నడుమ రెండింటికీ సరిపడే మరో రసాన్ని కూర్చోబెట్టాలి. నాగానందంలో శాంతానికీ శృంగారానికీ నడుమ అద్భుతం వచ్చి కూర్చుంది. దందదన్‌లోనూ అదే అద్భుతం. ఏడో భాగమే తీసుకోండి. ఐరా అనే అందగత్తె తానేదో లోకాన్ని కాపాడే కారణజన్మురాలినని మురిసిపోతూ ఉంటుంది, అదంతా హాస్యం. పొడుగు జుట్టుతో, ఎర్ర బట్టల్లో నాట్యమాడే పిశాచి ఆమెను నా కూతురివే అంటూ వెంటాడుతుంది, అదంతా భయం. పోట్లాటలో ఐరా ఊపిరి ఆగిపోతే ఆ పిశాచే తన శక్తిని ఇచ్చి బతికిస్తుంది. ఆ వింత జరిగే క్షణంలోనే పిశాచి గతం బయటపడుతుంది. అప్పులు చేసి, రాత్రింబవళ్లు ఏ పని దొరికితే ఆ పని చేసి, ఒక్కగానొక్క కూతుర్ని పెంచుకున్న తల్లి. బిడ్డకు ఎర్ర గౌను కొంటుంది, ఇద్దరూ ఇంట్లో నాట్యం చేస్తారు. ఒకరోజు మగవాళ్లు వచ్చి ఆమెను కొట్టి బిడ్డను ఎత్తుకుపోతారు. ఆమె వెంట పరుగెత్తుతుంది. ఇందాక మనం చప్పట్లు కొట్టిన పరుగే, ఈసారి అందుకోలేని పరుగు. చివరికి ఒక మేడ మీద ఒంటరిగా నాట్యం చేస్తూ కిందికి దూకుతుంది. ఇదంతా దాదాపు మాటల్లేకుండానే సాగుతుంది. నవ్వు నుంచి నేరుగా ఈ దుఃఖంలోకి తెచ్చి పడేసి ఉంటే మోసమయ్యేది. నడుమ ప్రాణం పోసిన ఆ వింత ఉండబట్టి వంతెన నిలబడింది. మొత్తం ధారావాహికలో మేము తలవంచి నమస్కరించే చోటు ఇది.

టర్బో అవ్వ సంగతీ ఇంతే. బూతులు తిట్టే ఆ ముసలి దెయ్యం, సొరంగం దగ్గర ఘోరంగా చంపబడిన ఆడపిల్లల ఆత్మలను ఓదార్చేదని కొంచెం ఆలస్యంగా తెలుస్తుంది. ఆ తర్వాత ఆమె ప్రాణాన్ని ఒక పిల్లి బొమ్మలో పెట్టి కథ మళ్లీ నవ్వుల్లోకి దింపుతుంది. చెప్పీ చెప్పకుండా చెప్పడం ఇక్కడ ధ్వని.

రెజిమెంటల్ బజార్ వారికి ఈ రస సంకరం కొత్తదా? ఆషాఢంలో లష్కర్ బోనాలకు ఉజ్జయినీ మహంకాళి గుడి చుట్టుపక్కల నిలబడి చూస్తే తెలుస్తుంది. 1813లో కలరా వచ్చినప్పుడు ఉజ్జయినిలో ఉన్న పటాలపు డోలీ బోయీ సురిటి అప్పయ్య అమ్మవారికి మొక్కుకున్నాడని, తిరిగొచ్చి 1815లో ఇక్కడ ప్రతిష్ఠించాడని చెప్పుకుంటారు. ఆ ఉత్సవంలో పసుపు పూసుకున్న పోతరాజు కొరడా ఝళిపిస్తే పిల్లలు జడిసి తల్లుల చాటుకు పోతారు; మరుక్షణం అదే పోతరాజు వెనక తీన్మార్‌కు గంతులేస్తారు. మర్నాడు పచ్చికుండ మీద నిలబడి రంగం చెప్పే అమ్మ ముందు అందరూ చేతులు కట్టుకుంటారు. భయం, నవ్వు, భక్తి ఒకే వీధిలో నడవడానికి ఎవరూ శాస్త్రం అడగలేదు.

సినిమా సాక్ష్యమూ ఉంది. విఠలాచార్య జగన్మోహిని 1978 నాటిది. అందులో దెయ్యం కట్టెలకు బదులు తన కాళ్లే పొయ్యిలో పెట్టి వంట చేస్తుంది. హాలంతా ఒకేసారి జడుసుకుని నవ్వింది. ఇళ్ల తలుపుల మీద ఓ స్త్రీ రేపు రా అని రాసి, దెయ్యాన్ని అప్పులవాణ్ని తిప్పినట్టు తిప్పిన జనం మనం. 2025 సెప్టెంబరులో డీమన్ స్లేయర్ అనే జపాను అనిమే సినిమా తెలుగు మాటలతో హాళ్లకు వస్తే కుర్రకారు ఎగబడ్డారంటే ఆశ్చర్యపడాల్సింది లేదు.

దోషవిచారము

రసాలను కలిపినందుకు కాదు, ఔచిత్యం తప్పినందుకు ఈ గ్రంథం మీద ఫిర్యాదు. రసభంగానికి అనౌచిత్యమే కారణమని ఆనందవర్ధనుడి మాట. క్షేమేంద్రుడు ఔచిత్యం మీద ఏకంగా ఒక గ్రంథమే రాశాడు. మొదటి భాగంలో గ్రహాంతరవాసులు మోమోను బల్లకు కట్టేసి, బట్టలు ఒలిచి, ఆమె ఒంటి మీద తమకు పని ఉందంటారు. చాలామంది చూపరులు అక్కడే ఆపేశారు. వాళ్లను తప్పుపట్టలేము.

పూర్వపక్షము: దుర్మార్గుల దుర్మార్గం చూపించకపోతే కథ ఎలా? పైగా మోమో తన శక్తి మేల్కొల్పుకుని వాళ్లను తానే చితగ్గొడుతుంది కదా?

చితగ్గొట్టిన మాట నిజమే, అది గొప్పగానూ ఉంటుంది. కాని దుర్మార్గం ఉందా లేదా అన్నది కాదు, అది జరుగుతున్నప్పుడు మన కన్ను ఎవరి పక్కన నిలబడిందన్నది ప్రశ్న. తిక్కన విరాటపర్వంలో కీచకుడు నిండు సభలో ద్రౌపదిని తన్నుతాడు. అంతకన్న దుర్మార్గం ఏముంది? అక్కడ చదువరి ఆసాంతం ద్రౌపది పక్కనే ఉంటాడు. ఆమె అవమానం ఎవరికీ వినోదం కాదు. ఇక్కడి బొమ్మ మాత్రం మోమో భయం మీద కాకుండా ఆమె లోదుస్తుల మీద నిలబడుతుంది. తల్లి దుఃఖాన్ని మాటల్లేకుండా చూపగల చేయి ఇక్కడ చూపు ఎక్కడ నిలపాలో ఎరగదంటే నమ్మలేము. తెలిసే చేసింది, అది పెద్ద దోషం.

శృంగారం కనబడగానే కత్తెర వెతికే పక్షం కాదు మాది. ముద్దుపళని రాధికాసాంత్వనమును బెంగళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చు వేయిస్తే అశ్లీలమని నిషేధించిన దొరల వైపు మేము నిలబడము. అక్కడ కోరిక చెప్పినది ఆడది. ఇక్కడ మోమో వద్దంటోంది.

ఇదే దోషం పన్నెండో భాగంలో రెండోసారి. వేడినీటి బుగ్గలో మోమో ఒంటరిగా ఉండగా పరాయి మగవాళ్లు వచ్చి చుట్టుముడతారు; అక్కడ తెర దించేశారు. తర్వాతి సంగతి తెలియడానికి చూపరులు 2025 జులై దాకా ఆగారు. ఆడపిల్ల భయాన్ని కొక్కెంగా చేసి ఆరు నెలలకు పైగా వేలాడదీయడం ఔచిత్యమూ కాదు, నేర్పూ కాదు. మిగతావి చిన్న దోషాలు. పోయిన అవయవం మీద జోకు మొదట నవ్విస్తుంది, పదోసారి నస పెడుతుంది. మోమో, ఓకరున్ మనసు విప్పుకోబోయిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఊడిపడతారు. ఐరా అయిపోగానే జిజి అనే చిన్ననాటి స్నేహితుడు. ఇవి క్షమించదగినవి.

నిర్ణయము

మూలకర్త తీర్పునే మేమూ స్థిరపరుస్తున్నాము. దందదన్ చూడదగినది, మొదటి భాగం నడుమ కొన్ని నిమిషాలు దాటించదగినవి. ఏడోది చూడబోయేవారు ఆరోది చూసి మరీ రండి. పన్నెండోది చూసేవారు రెండో విడత మొదటి భాగాన్ని సిద్ధంగా ఉంచుకుని కూర్చోండి.