హెర్ట్జ్ బాబాయి

సంబంధాలు చూడటానికి ఒకరు, రిజిస్ట్రేషన్ పనులకు ఒకరు ఎలాగూ ఉంటారు. ఇప్పుడు ప్రతి చుట్టరికంలోనూ కంప్యూటర్ మానిటర్లకు కూడా ఒకరు తయారయ్యారు. మా వైపు ఆ బాధ్యత హెర్ట్జ్ బాబాయిది. ఎవరికి ఏ వరసలో బాబాయో చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు లేరు. మా నాన్న కూడా బాబాయనే పిలుస్తాడు. మల్కాజిగిరిలో టాక్స్ ప్రాక్టీసు. ఎవరింట్లోనైనా “మానిటర్ కొందామనుకుంటున్నాం” అన్న మాట పూర్తయ్యేలోపు ఆయన దగ్గర్నుంచి ఫోనొస్తుంది. ఎవరు చేరవేస్తారో అంతుపట్టదు.

“పనికా, ఆటకా?” ఇదీ మొదటి ప్రశ్న. బడ్జెట్ సంగతి తర్వాత. “రెండింటికీ” అన్నారో, అయిపోయారు. ఆటగాడికి కావలసింది వేగం. 60 హెర్ట్జ్ తెర మీద బొమ్మ 16.7 మిల్లీసెకన్లకోసారి మారుతుంది, 144 అయితే 7 మిల్లీసెకన్లలోపే. గోడ చాటునుంచి తల బయటపెట్టినవాడు నీకు ముందు కనపడాలా, నువ్వు వాడికి ముందు కనపడాలా? అదే ఫొటోలు దిద్దేవాడికైతే ఆ తొందర అక్కర్లేదు. రంగు అబద్ధమాడకూడదు, తెర మధ్యలోనూ మూలల్లోనూ ఒకే వెలుగు ఉండాలి. ఇక్కడినుంచి ఆయన 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి తెర రంగులకు ఎస్‌ఆర్‌జీబీ పేరుతో హద్దులు గీసిన వైనం ఎత్తుకుంటాడు. పిన్ని మజ్జిగ పోసే వేళకు, రంగు ఎంత తేడా పడిందో కొలిచే డెల్టా-ఈ దగ్గరికొస్తాడు. మజ్జిగ పోశారంటే ఇక లేవచ్చని అర్థం. ఆ అర్థం బాబాయికి ఏనాడూ తట్టలేదు.

ఆయన్ని చూడాలంటే సికింద్రాబాద్ సీటీసీలో, ఆ కంప్యూటర్ షాపుల మధ్య చూడాలి. ఆయన పార్క్ లేన్‌లో ఆటో దిగడం చూసి టీ తాగడానికి వెళ్లిపోయే సేల్స్ కుర్రాళ్లున్నారు. షాపులో అడుగుపెట్టగానే “వివిడ్” మోడ్ తీయించి ఎస్‌ఆర్‌జీబీలో పెట్టిస్తాడు. అప్పటిదాకా పండగలా వెలిగిపోతున్న తెర ఒక్కసారిగా పాలిపోతుంది; కుర్రాడి ముఖమూ అంతే. తర్వాత జేబులోంచి పెన్‌డ్రైవ్ తీస్తాడు. అందులో రెండే బొమ్మలు: ఒకటి బూడిదరంగు మెట్లు, రెండోది ఉత్త నలుపు. “ఒక్క నిమిషం లైటు ఆర్పమ్మా” అని అడిగి, చీకట్లో గొంతుక్కూచుని, అంచుల్లోంచి వెలుగు కారుతోందేమోనని వెతుకుతాడు.

“సార్, వన్ ఎమ్మెస్ ఉంటది. మస్తు ఫాస్ట్.”

“జీటీజీనా, ఎంపీఆర్‌టీనా?”

“రెండూ ఉంటయి సార్.”

జీటీజీ అంటే ఒక చుక్క ఒక బూడిద ఛాయనుంచి ఇంకో ఛాయకు మారే సమయం. ఎంపీఆర్‌టీ వేరు, ఆ 1 మిల్లీసెకను చాలా తెరల్లో వెనక లైటును గబగబా ఆర్పి వెలిగిస్తే వచ్చిందే. ఆ మోడ్ పెడితే తెర మసకబారుతుంది. ఇదంతా బాబాయి కుర్రాడికి విడమరిచి చెబుతాడు, పక్క షాపువాళ్లు కూడా వచ్చి వింటారు. ఇక 400 నిట్ల వెలుగే ఉన్న తెర మీద హెచ్‌డీఆర్ స్టిక్కరు కనబడితే, జీఎస్టీ నంబరు లేని బిల్లు చూసినట్టు ముఖం పెడతాడు.

చాదస్తమే, కానీ చాలావరకు నిజం చెబుతాడు. విజయవాడలో పెళ్లి ఆల్బమ్‌లు చేసే మా పెద్దమ్మ కొడుకు ఎవరో “ఫాస్టుగా ఉంటుంది” అంటే గేమింగ్ మానిటర్ కొన్నాడు, ఆల్బమ్‌లు ఫాస్టుగా అవుతాయని కాబోలు. దాని వెలుగు బాక్సులోంచి తీసినప్పుడు ఎంతుందో అంతే ఉంచేశాడు. తలంబ్రాల ఫొటోలన్నీ మరీ తెల్లగా కనపడుతున్నాయని ఒక్కొక్కటీ తగ్గించుకుంటూ పోయాడు. ప్రింటులో చూస్తే పట్టపగలు ముహూర్తం పెట్టిన పెళ్లికి పొద్దు గూకింది. పైగా పెళ్లికొడుకు మేనత్తగారి నెమలికంఠం రంగు చీర మామూలు నీలమైంది. ఆవిడ చీర బిల్లు పట్టుకుని స్టూడియోకొచ్చింది.

బాబాయి రాత్రి బస్సెక్కి వెళ్లి, తెరకు రంగులు కొలిచే మీటరు పెట్టి, వెలుగు 120 నిట్లకు దించి, తెల్లదనం 6500 కెల్విన్ దగ్గర కట్టేశాడు. ప్రెస్సు సిరాలో పలికే కొన్ని ఆకుపచ్చ నీలాలు ఎస్‌ఆర్‌జీబీ తెరకు అందవనీ, నెమలికంఠం సరిగ్గా ఆ చుట్టుపక్కలే ఉంటుందనీ, అందుకే ఇలాంటి పనికి అడోబ్ ఆర్‌జీబీ పలికే ఐపీఎస్ తెర కావాలనీ మేనత్తగారికే చెప్పాడు. ఆవిడ శ్రద్ధగా విన్నది. రెండు రంగుల పోగులు కలిపి నేసిన పట్టు ఏ తెరకూ పూర్తిగా లొంగదని చెప్పే ధైర్యం మాత్రం ఆయనకూ లేకపోయింది.

చుట్టాల్లో ఆయన పరువు నిలబెట్టింది వేరే విద్య. 144 హెర్ట్జ్ మానిటర్ కొని, విండోస్ సెట్టింగుల్లో 60 దగ్గరే వదిలేసినవాళ్లు బోలెడుమంది. బాబాయి వెళ్లి, ఆ అంకె మార్చి, కాఫీ తాగి వస్తాడు. పైసా ఖర్చు లేదు, మౌసు బాణం కదిలితేనే తేడా తెలుస్తుంది.

మరి ఆయన సొంత మానిటర్? 27 అంగుళాలు, 4కె, అడోబ్ ఆర్‌జీబీ 99 శాతం, పక్కవెలుతురు పడకుండా చుట్టూ నల్లటి హుడ్డు. దాని మీద జీఎస్టీ రిటర్నులు వేస్తాడు. ఆ పోర్టల్ పైన ఉండే ముదురు నీలం దేశంలో ఇంత కచ్చితంగా ఇంకెవరికీ కనపడదని ఘంటాపథంగా చెప్పగలను. ఫొటోలు తీయడు. ఆటలంటారా, తెర మీద కారు మలుపు తిరిగితే ఆయనకు కళ్లు తిరుగుతాయి.

మొన్న వనస్థలిపురంలో ఒక పంచాయతీ. బీటెక్ రెండో ఏడు కుర్రాడు 180 హెర్ట్జ్ తెర కావాలన్నాడు. ఎందుకురా అంటే “క్రియేటివ్ వర్క్” అన్నాడు. గేమింగ్ అంటే మూసుకునే తండ్రి పర్సు ఆ మాటకు తెరుచుకుంటుందని ఆ వయసు వాళ్లందరికీ తెలుసు. తండ్రికి మాత్రం ఎక్కడో అనుమానం. బాబాయిని పిలిపించాడు.

బాబాయి పాత మానిటర్ వంక చూడనైనా లేదు. కీబోర్డు ఒళ్లో పెట్టుకుని కళ్లజోడు సర్దుకున్నాడు. అక్షరాలన్నీ కొత్తవాటిలా మెరుస్తున్నాయి, నాలుగు తప్ప. డబ్ల్యూ, ఏ, ఎస్, డి. ఏ అయితే ఆనవాలు కూడా లేదు.

“ఈ నాలుగే ఎందుకు అరిగాయిరా?” అన్నాడు నోటీసు చదివే గొంతుతో.

కుర్రాడు ఒక్కసారి గుటక వేశాడు. “ఫొటోషాప్ షార్ట్‌కట్లు బాబాయ్. డబ్ల్యూ మ్యాజిక్ వాండ్. ఎస్ క్లోన్ స్టాంప్. డి కొడితే రంగులు మళ్లీ నలుపు తెలుపులకొస్తాయి.”

“మరి ఏ?”

“పాత్ సెలెక్షన్.”

నాలుగూ కరెక్టే. అది బాబాయికి తెలుసు, తెలుసని కుర్రాడికీ తెలుసు. తండ్రి ముఖం మాత్రం వివిడ్ మోడ్‌లో వెలిగిపోతోంది.

బాబాయి కీబోర్డు కింద పెట్టి తండ్రి వైపు తిరిగాడు. “180దే ఇప్పించరా. వీడు నిజంగానే క్రియేటివ్.”